ధార ఎటు పడుతోందమ్మా?

పెద్ద సిస్టర్ స్మారకోపన్యాసం, పూర్తి పాఠం



ఆవిడ పేరు మీ చేతిలోని ఆహ్వానపత్రం మీద ఉంది. మా వార్డులో మాత్రం ఆ పేరుతో ఆవిడని పిలిచినవాళ్ళు లేరు. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా, పిల్లల తల్లుల దగ్గర్నుంచి క్యాంటీను కుర్రాడి దాకా అందరికీ ఆవిడ పెద్ద సిస్టరే. నేను పిల్లల సర్జరీలో చేరేనాటికే ఆ వార్డు ఆవిడ చేతిమీద నడుస్తోంది. ఆపరేషన్ చెయ్యడం నాకు మా గురువులు నేర్పారు. ఆపరేషనుకి ముందు నెలల్లో, ఆ తర్వాత ఏళ్ళలో ఆ పిల్లవాడి ఇంట్లో ఏం జరుగుతుందో నేర్పింది ఆవిడ.

ఏ విషయం మీద మాట్లాడతారని ఆవిడ పిల్లలు అడిగినప్పుడు నేను ఆలోచించుకోవలసిన పని పడలేదు. ఆవిడ ఉద్యోగమంతా వెంటపడి పట్టించుకున్న లోపం ఒకటుంది. సభల్లో ఎవరూ మాట్లాడరు దాని గురించి. ఇళ్ళల్లో కూడా మాట్లాడరు. వైద్యపుస్తకాల్లో దాని పేరు హైపోస్పేడియాస్. మగపిల్లవాడికి మూత్రద్వారం అంగం మొనన ఉండవలసింది, అడుగువైపు ఎక్కడో ఉంటుంది.

వాడుక తెలుగులో దీనికి మాట లేదు. గ్రహణం మొర్రికి ఉంది, మెల్లకన్నుకి ఉంది, చెముడుకి ఉంది. మొర్రి సుమారు 700 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. ఈ లోపం 200 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. అంటే మొర్రి కంటే ఎక్కువగా ఉన్నదానికి పేరు లేదు. మొర్రి మొహాన కనిపిస్తుంది, ఊరంతా చూస్తుంది, ఏదో ఒక మాట పుడుతుంది. ఇది లాగు కింద ఉండిపోతుంది. పేరు లేనిదాన్ని డాక్టరు దగ్గర ఎలా చెప్పుకోవాలో తల్లికి తెలియదు. అందుకే చీటీ మీద జ్వరం అని రాయించుకుని వస్తారు.

అలా వచ్చిన ఒక కుటుంబం నాకు బాగా గుర్తు. నాలుగు నెలల పిల్లవాడు. తల్లికి ఇరవై ఏళ్ళుంటాయేమో, వెంట అత్తగారు. చీటీలో జ్వరం, ఒంట్లో జ్వరం లేదు. నేను చూసి పంపించేసేవాణ్ణే. పెద్ద సిస్టర్ వెళ్ళి ఆ అత్తగారి పక్కన బెంచీ మీద కూర్చుంది.

“పిల్లోడికి నీళ్ళు ఎవరు పోస్తారమ్మా?”

“నేనే పోస్తా తల్లీ.”

“కాళ్ళమీద పడుకోబెట్టుకునేగా?”

“ఆఁ.”

“మరి నీళ్ళు పోసేటప్పుడు వాడు ఒంటేలు పోస్తే ధార ఎటు పడుతోందమ్మా? నీ మొహాన కొడుతోందా, కాళ్ళమీదే కారిపోతోందా?”

ఆ పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాలుగు నెలల నుంచీ తన పిక్కల మీద వెచ్చగా కారుతున్నదాన్ని ఆవిడ కొడుక్కి కూడా చెప్పలేదు.

మన ఇళ్ళల్లో పసివాడికి నీళ్ళు పోసే పద్ధతి మీ అందరికీ తెలుసు. పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టుకుని, నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి పోస్తారు. ఆ సమయంలో మగపిల్లాడు ఒంటేలు పోశాడంటే ధార గోపురంలా లేచి, పోసేవాళ్ళ మెడమీదో మొహాన్నో పడుతుంది, అందరూ నవ్వుతారు. ద్వారం అడుగున ఉన్న పిల్లవాడి ధార పైకి లేవదు. వాడి తొడల మధ్యకి, ఆ పెద్దావిడ కాళ్ళమీదికి జారుతుంది. ఏ స్కానూ అక్కర్లేని పరీక్ష ఇది. నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ ప్రశ్నతో ఆవిడ ఎంతమందిని పట్టుకుందో నేను లెక్కపెట్టలేదు, కాని ఆ ప్రశ్న ఇప్పుడు నా దగ్గర చదువుకునే ప్రతి విద్యార్థికీ నేర్పుతున్నాను.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. గర్భంలో ఎనిమిదో వారం దాకా ఆడపిండానికీ మగపిండానికీ పైకి కనిపించే అవయవాలు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత మగపిండంలో వృషణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. దాని బలంతో అంగం పొడుగవుతుంది. అంగం అడుగున ఒక గాడి ఉంటుంది. దాని రెండు అంచులూ దగ్గరకొచ్చి కలుసుకుంటూ, మొదలు నుంచి మొన వైపుకి గొట్టంలా మూసుకుంటూ పోతాయి. పద్నాలుగో వారం నాటికి ఈ పని దాదాపు ముగుస్తుంది. ప్రతి మగవాడికీ అంగం అడుగున, వృషణాల సంచి మధ్యలో సన్నని గీత ఒకటుంటుంది. అది ఆ కుట్టు గుర్తు. ఆ మూసుకోవడం దారిలో ఎక్కడ ఆగిపోతే అక్కడ ద్వారం మిగిలిపోతుంది. పదిమందిలో ఏడుగురికి అది మొనకి దగ్గర్లోనే ఆగుతుంది. కొందరికి మధ్యలో, ఇంకా కొద్దిమందికి సంచి దగ్గరో దానికి కిందో ఉంటుంది.

ద్వారం ఒక్కటే కాదు. అడుగున చర్మం కలవక, ముందోలు అంతా పైకి చేరి పాముపడగలా నిలుస్తుంది. అడుగువైపు కండ పొట్టిగా ఉండి అంగం కిందికి వంగుతుంది. అంగం గట్టిపడినప్పుడు ఆ వంపు బాగా తెలుస్తుంది. పసివాడు నిద్రలేచే వేళ తల్లులు దాన్ని చూస్తారు, చూసి ఎవరికీ చెప్పరు. పెద్దయ్యాక ఆ వంపు దాంపత్యానికి అడ్డమవుతుంది కాబట్టి ద్వారం కంటే వంపే ముఖ్యమని నేను అనుకుంటాను.

ఇక కారణం. గ్రహణంలో బయటికి వచ్చిందని, వద్దన్నది తిన్నదని, కోడలి మీద వేసే నిందలు మీరూ విని ఉంటారు. ఒక్కటీ నిజం కాదు. చాలామంది పిల్లల్లో ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేం. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో, మాయ సరిగా పనిచెయ్యని కాన్పుల్లో ఇది ఎక్కువ. కుటుంబంలోనూ నడుస్తుంది. తండ్రికో అన్నకో ఉంటే పుట్టబోయేవాడికి వచ్చే అవకాశం నూటికి ఏడెనిమిది నుంచి పది దాకా ఉంటుంది. ఈ లెక్క చెప్పగానే మావైపు ఎవరికీ లేదు అంటుంది అత్తగారు. అప్పుడు పెద్ద సిస్టర్ తండ్రిని ఒక్కణ్ణే పక్కకి తీసుకెళ్ళి మాట్లాడేది. ఒకటి రెండుసార్లు ఆ తండ్రి తల వంచుకుని, నాక్కూడా అలాగే ఉంది సిస్టర్ అన్నాడు. పెళ్ళయి పిల్లలు పుట్టాక, మొదటిసారి నోరు విప్పి.

ఈ లోపానికి వైద్యం పాతదే. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో గ్రీకు వైద్యులు హెలియోడోరస్, యాంటిల్లస్‌లు ద్వారానికి అవతల ఉన్న భాగాన్ని కోసిపారెయ్యడమే మార్గమనుకున్నారు. హైపోస్పేడియాస్ అన్న పేరు వాడినవాడు రెండో శతాబ్దపు గాలెన్. కొత్తగా గొట్టం కట్టవచ్చని పందొమ్మిదో శతాబ్దంలో గాని తేలలేదు. 1874లో పారిస్‌లో డుప్లే ఆ పని వివరించాడు. 1932లో మాథ్యూ, 1949లో లండన్‌లో డెనిస్ బ్రౌన్, ఇలా ఒక్కొక్కరూ ఒక్కో పద్ధతి. ఇవాళ్టికి 300కి పైగా పద్ధతులున్నాయి. ఇన్ని ఉన్నాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపోదని అర్థం. వీటిలో మనదీ ఒకటుంది. ఆగ్రాలో పనిచేసిన డాక్టర్ అసోపా, ఆయన సహచరులు 1971లో ముందోలు లోపలి పొరతో గొట్టం కట్టి, ఒకే విడతలో ఆపరేషన్ ముగించే మార్గం చూపించారు. ప్రపంచమంతా ఆ పేరుతోనే దాన్ని పిలుస్తుంది. మా విద్యార్థులు ఫిలడెల్ఫియాలో సర్జన్ డకెట్ ఏం చేశాడో చెప్పగలరు, ఆగ్రా సంగతి అడిగితే తడుముకుంటారు. అది నాకు బాధగా ఉంటుంది.

ముందోలు అన్నాను కదా. అది మాకు గుడ్డలాంటిది. దర్జీకి గుడ్డ లేకుండా చొక్కా కుట్టమంటే ఎలా కుడతాడు? అందుకే ఈ లోపం ఉన్న పిల్లవాడికి పుట్టగానే సున్తీ చెయ్యకూడదు. పుట్టుకతోనే సున్తీ అయి వచ్చాడని, ఫరిష్తాలు, అంటే దేవదూతలు, చేసి పంపారని సంతోషించే ముస్లిం ఇళ్ళు ఉన్నాయి. చూడటానికి అలాగే ఉంటుంది మరి, మొన బయటపడి. మిగిలిన ఆ కాస్త తోలూ తీసేస్తే సంప్రదాయం పూర్తవుతుందని అనుకుంటారు. పెద్ద సిస్టర్ వాళ్ళ దగ్గర మతం మాట ఎత్తేది కాదు. “భాయ్, ఆ తోలు పారెయ్యకండి. దాంతోనే మేం మీవాడికి నాళం కుడతాం. అదే రోజు సున్తీ కూడా అయిపోతుంది” అనేది. వాళ్ళు వెంటనే ఒప్పుకునేవారు. అడిగి తెలుసుకోకుండా కోసిన పిల్లలకి నోటిలోపల బుగ్గ నుంచి పలచని పొర తీసుకొచ్చి అతకవలసి వచ్చింది. అది పెద్ద పని.

కాన్పు గదిలో చూడవలసింది ఇంకొకటుంది. దీన్ని మాత్రం ఎవరూ మర్చిపోవద్దు. ద్వారం కింద ఉండటంతోపాటు వృషణాలు రెండూ సంచిలో చేతికి తగలకపోతే, పుట్టింది మగపిల్లవాడే అని చెప్పడానికి తొందరపడకూడదు. ఒక రాత్రి పన్నెండు రోజుల బిడ్డని తెచ్చారు. వాంతులు, పాలు తాగడం లేదు, కళ్ళు లోపలికి పోయాయి. మగపిల్లాడు అని రాసి ఉంది కాగితంలో. అందరం విరేచనాలు, వాంతులు అన్న దారిలో పోతున్నాం. పెద్ద సిస్టర్ గుడ్డ మారుస్తూ ఆగింది. “సార్, వీడికి రెండూ తగలడం లేదు, ద్వారం కిందుంది.” రక్తం పంపాం. సోడియం పడిపోయి ఉంది, పొటాషియం పెరిగిపోయి ఉంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల లోపం అది. కార్టిజాల్ తయారు కాదు, ఒంట్లో ఉప్పు నిలవదు, మగ హార్మోన్లు మాత్రం ఎక్కువగా వస్తాయి. దానివల్ల ఆడబిడ్డ మగబిడ్డలా కనిపిస్తుంది. పుట్టిన రెండో వారంలో సరిగ్గా ఇలాగే పడిపోతారు. సెలైను, హైడ్రోకార్టిజోన్ పెట్టాం. బతికింది. క్రోమోజోములు చూస్తే ఆడపిల్ల. ఆ గుడ్డ మార్చే వేళ చెయ్యి ఆగకపోతే తెల్లారేసరికి ఆ బిడ్డ ఉండేది కాదు.

ఆపరేషన్ ఎప్పుడు? పెద్దవాడయ్యాక చేయిద్దాం, తట్టుకోలేడు అంటారు ఇంట్లో పెద్దలు. ప్రేమతోనే అంటారు. కాని మంచి వయసు ఆరు నెలల నుంచి పద్దెనిమిది నెలల మధ్య. ఆరు నెలలు దాటితే మత్తు మందు ప్రమాదం తగ్గుతుంది. ఇంకా గుడ్డల్లోనే ఉంటాడు కాబట్టి గొట్టం పెట్టినా గొడవ ఉండదు. అన్నిటికంటే, వాడికి గుర్తుండదు. అంగం మరీ చిన్నదిగా ఉంటే ముందు టెస్టోస్టెరాన్ ఇంజెక్షను ఒకటి రెండు ఇచ్చి ఎదిగాక చేస్తాం.

పసివాడి అంగం సాగదీసి కొలిస్తే మూడున్నర సెంటీమీటర్లు. అందులో కట్టే గొట్టం లోపల రెండు మిల్లీమీటర్ల సన్నని ట్యూబు. కుట్టే దారం వెంట్రుకపాటిది. కళ్ళకి భూతద్దాల కళ్ళజోడు లేకుండా కుట్టు పడదు. ఇప్పుడు ఎక్కువగా చేసేది అమెరికన్ సర్జన్ స్నాడ్‌గ్రాస్ 1994లో వివరించిన పద్ధతి. మూసుకోకుండా మిగిలిపోయిన ఆ గాడి పట్టీ గొట్టంలా చుట్టడానికి సరిపోదు, ఇరుకు. దాని నడుమ నిలువునా ఒక గాటు పెడితే పట్టీ విప్పారుతుంది, అప్పుడు ట్యూబు మీదుగా చుట్టి కుడతాం. గాటు పెట్టిన చోట కొత్త పొర దానంతటదే వచ్చి నిండుతుంది. ఆ గొట్టానికీ పైచర్మానికీ మధ్య ఇంకో పలచని పొర పరుస్తాం, జాకెట్టుకి లైనింగు వేసినట్టు. ఈ లైనింగు సరిగా వెయ్యకపోతే కుట్టు మీద కుట్టు పడి చిల్లు పడుతుంది. వంపు బాగా ఎక్కువగా ఉండి ద్వారం సంచి దగ్గర ఉన్నవాళ్ళకి ఒక్కసారిలో ముగించాలని పట్టుపట్టను. మొదట వంపు తీసి పొర అతికి, ఆరు నెలలు ఆగి గొట్టం కడతాను.

తర్వాతి వారం రోజులు నర్సులదే వైద్యం. డైపర్లు మా ఊళ్ళకి రాని రోజుల్లో పెద్ద సిస్టర్ పాత నూలుచీర చింపి రెండు గుడ్డలు చేసేది. లోపలి గుడ్డకి కత్తెరతో చిన్న కన్నం. అందులోంచి ట్యూబు కొసని బయటికి లాగి, పైన రెండో గుడ్డ కట్టేది. మలం లోపలి గుడ్డలో, మూత్రం పై గుడ్డలో, గాయం పొడిగా. ఇవాళ ప్రపంచమంతా రెండు డైపర్లతో ఇదే చేస్తారు. పై గుడ్డని గంట గంటకీ పిండి చూసేది, తడి లేదంటే ట్యూబు మూసుకుపోయిందని. పిల్లవాడు ఉన్నట్టుండి విల్లులా వంగి కేకపెడితే తల్లి గుండె జారిపోతుంది. మూత్రాశయం బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది, సిరప్పు ఉంది. ఆ సంగతి ముందు రోజే తల్లికి చెప్పి ఉంచేది.

ముందే చెప్పడం నేను ఆవిడ దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాను. తొలి రోజుల్లో ఒక తండ్రికి, చిన్న ఆపరేషనండీ, భయం లేదు అన్నాను. మూడు వారాలకి పక్కనుంచి కారింది. చిల్లు. ఆయన నా మొహం చూడలేదు, మళ్ళీ రాలేదు. ఎక్కడికి తీసుకెళ్ళాడో ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం పెద్ద సిస్టర్ నాతో అంది: “చిల్లు పడినందుకు కాదు సార్ ఆయన కోపం. పడొచ్చని మీరు చెప్పలేదు.” మొనకి దగ్గరగా ఉన్నవాటిలో సుమారు పదిమందిలో ఒకరికి మళ్ళీ చెయ్యవలసి వస్తుంది. సంచి దగ్గర ఉన్నవాటిలో మూడోవంతు నుంచి సగం మందికి. ఇప్పుడు ఈ లెక్క చెప్పకుండా నేను సంతకం తీసుకోను. చిల్లు పడితే ఆరు నెలలు ఆగాలి, తొందరపడి మళ్ళీ కత్తి పెడితే ఉన్న చర్మమూ పోతుంది.

అసలు ఆపరేషన్ అక్కర్లేనివాళ్ళూ ఉన్నారు. జర్మనీలో 1995లో ప్రచురించిన ఒక పరిశీలన ఉంది. 500 మంది పెద్దవాళ్ళని చూస్తే, ద్వారం సరిగ్గా మొన కొసన ఉన్నది 55 శాతం మందికే. 13 శాతం మందికి హైపోస్పేడియాస్ ఉంది, అందులో చాలామందికి ఆ సంగతే తెలియదు. నిలబడే పోసుకుంటున్నారు, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. ద్వారం మొనమీదే కాస్త కిందుగా ఉండి, వంపు లేక, ధార నిటారుగా వస్తుంటే వదిలెయ్యమనే నేను చెబుతాను. ఆడో మగో తేలని పసిపిల్లల మీద ప్రాణావసరం లేకుండా కత్తి పెట్టకూడదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది, ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ తీర్పు మన రెండు రాష్ట్రాల్లోని సర్జన్లూ చదవాలి. చక్కదిద్దాలన్న ఆత్రం తల్లిదండ్రుల్లో ఉంటుంది, మాలోనూ ఉంటుంది. పిల్లవాడికి ఏది అవసరమన్నది వేరే ప్రశ్న.

అవసరమైనవాడికి చెయ్యకపోతే ఏమవుతుందో కూడా చూశాను. ఒక గురుకులం నుంచి పదేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. పొట్టలో నొప్పి అన్నారు. వాడికి నొప్పి లేదు. అక్కడ మగపిల్లలందరికీ ఒకటే గోడ, ఒకటే కాలవ. వీడు నిలబడితే లాగు తడుస్తుంది, కూర్చుంటే పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు. అందుకని పగలంతా నీళ్ళు తాగడం మానేశాడు. రాత్రి అందరూ పడుకున్నాక వెళ్ళేవాడు. ఈ ముక్క వాడు నాకు చెప్పలేదు, పెద్ద సిస్టర్‌కి చెప్పాడు, అదీ మూడో రోజు. అంతకుముందు ఎక్కడో రెండు ఆపరేషన్లయ్యాయట. ఏం చేశారో ఒక్క కాగితం లేదు. ఉన్న చర్మం ఎంత, వాడింది ఎంత అన్నది తెలియకుండా మూడోసారి మొదలుపెట్టాను.

ఆ తర్వాతే ఆవిడ ఒక పని మొదలుపెట్టింది. ప్రతి పిల్లవాడి ఆపరేషన్ వివరం తెల్లకాగితం మీద తెలుగులో రాసి, పక్కన బొమ్మ గీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికిచ్చేది. “రేషన్ కార్డుతోపాటు దాచమ్మా. వాడికి మీసం వచ్చాక చూపించు” అనేది.

ప్రభుత్వం చెయ్యవలసిన పని గురించి ఒక్కమాట. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ ఉంది, డబ్బు లేక ఆగిపోయేవాళ్ళు తగ్గారు. కాని బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షించే జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పుడు పుట్టుకతో వచ్చే తొమ్మిది లోపాల్ని జాబితాలో రాశారు. మొర్రి ఉంది, వంకరపాదం ఉంది, ఇది లేదు. ఇళ్ళకి వెళ్ళి బాలింతల్ని చూసే ఆశా కార్యకర్తకి పెద్ద సిస్టర్ ప్రశ్న ఒక్కటి నేర్పితే చాలు. ఏ పరికరమూ కొననక్కర్లేదు.

కిందటేడాది ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు, మంచి ఉద్యోగం. చేతిలో పాత ప్లాస్టిక్ కవరు. పసుపుపచ్చగా మారిన కాగితం, పెద్ద సిస్టర్ గుండ్రని అక్షరాలు, ఆవిడ గీసిన బొమ్మ. ఇల్లు మారుతూ బీరువా సర్దుతుంటే దొరికిందట. తనకి చిన్నప్పుడు ఆపరేషన్ అయిందని అప్పటిదాకా తెలియదు. మచ్చ చూసుకుని పుండు లేచి మానిందేమో అనుకునేవాడు. పెళ్ళికి ముందు రెండేళ్ళు లోలోపల భయపడ్డాడు, ఎవర్నీ అడగలేదు. అంతా బాగానే ఉందని పరీక్షించి చెప్పాను. భార్యకి ఐదో నెల.

“మాకు బాబు పుడితే వాడిక్కూడా ఉంటుందా సార్?”

ఉండే అవకాశం పదిమందిలో ఒకరికి కూడా పూర్తిగా లేదని, ఉన్నా ఏడాదిలోపు సరిచెయ్యవచ్చని చెప్పాను. పుట్టిన రోజే పిల్లల డాక్టరు చేత చూపించమన్నాను. ఇంట్లో నీళ్ళు పోసేటప్పుడు ధార ఎటు పడుతోందో కూడా గమనించమన్నాను.

“మా అమ్మే పోస్తుంది సార్ నీళ్ళు. ఆమెకి తెలుసు” అన్నాడు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపాగి, “నాకే తెలీదు” అన్నాడు.